త్రికాలజ్ఞలో లేని జబ్బు

వశిష్ఠపురం ప్రభుత్వ వైద్య కళాశాలకి కంప్యూటరు అన్వేషణ యంత్రం వచ్చిన కొత్తల్లో డాక్టర్లు ఎగబడి వాడారు. లైబ్రరీ మేడ మీద ఒక గది దులిపించి, గోడలకి లేత నీలం రంగు వేయించి, ఏసీలు బిగించి, వరసగా కంప్యూటర్లు పెట్టి, తలుపు మీద "త్రికాలజ్ఞ" అని ఇత్తడి అక్షరాలు కొట్టించారు. ప్రపంచంలో ఏ మూల ఏ వైద్యుడు ఏ రోగం మీద ఏం రాసినా ఆ పెట్టెలో దొరుకుతుందని అమ్మినవాళ్ళు చెప్పారు. అప్పుడు మండువేసవి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ గదిలో కుర్చీ దొరికేది కాదు.

వచ్చినవాళ్ళు ముందు తమ పేరు కొట్టి చూసుకునేవారు. ఏమీ వచ్చేది కాదు. తరవాత తమకి పడనివాళ్ళ పేరు కొట్టి చూసేవారు. దానికీ ఏమీ వచ్చేది కాదు. ఆ తృప్తితో కాసేపు కునుకు తీసి వెళ్ళేవారు.

నిజంగా పని కోసం కూర్చునేవాళ్ళలో నరాల విభాగం అసోసియేట్ ప్రొఫెసరు డాక్టర్ సువార్త ఒకతె. ఆమెకి ఆ యంత్రమంటే ఇష్టం. వార్డులో అంతుపట్టని కేసు తగిలినప్పుడు సాయంత్రం మేడ ఎక్కి వెతుక్కునేది. ఎక్కడో కొరియాలో ఎవరో రాసిన వణుకు, బ్రెజిల్లో ఎవరో చూసిన తిమ్మిరి, వశిష్ఠపురం రోగికి అక్కరకొచ్చేవి. ఒకటి రెండు ప్రాణాలు అలా నిలబడ్డాయి కూడా.

వానలు పడి ఊరు చల్లబడేసరికి గది ఖాళీ అయింది. సరిగ్గా అప్పుడే రాజధాని నుంచి తనిఖీ బృందం దిగింది. ఇంత యంత్రం పెడితే వాడకం లేదేమని అడిగింది. ప్రిన్సిపాలు డాక్టర్ గజేంద్రనాథ్ గారు ఆ ప్రశ్నని మనసుకి పట్టించుకున్నారు. ఆయన చదువుకున్నది ఎముకల వైద్యం. అయితే ఎముకని చూసి చాలా ఏళ్ళయింది. ఫైళ్ళకి ఎముకలుండవు కదా. తనిఖీ వాళ్ళ కారు గేటు దాటకముందే సర్క్యులరు చెప్పి రాయించారు.

"ఇందుమూలముగా సమస్త విభాగాధిపతులకు తెలియజేయునది ఏమనగా, ఇకమీదట ఏ పరిశోధనాంశమైనను త్రికాలజ్ఞ యందు కనీసము పది ఆధారములు లభించినచో మాత్రమే అనుమతికి పరిశీలించబడును. పది ఆధారములు లభించని అంశమును వైద్యశాస్త్రమునందు లేని అంశముగా పరిగణించవలెను."

అందరూ గొణుక్కున్నారు. సువార్త గొణగలేదు. 'వెతకమనడం మంచిదే కదా' అనుకుంది.

సర్క్యులరు వచ్చింది కనక అమలు చెయ్యడానికి ఒక అధికారి కావాలి. భానోజీరావుని అన్వేషణాధికారిగా వేశారు. అంతకు ముందు అతను ఆసుపత్రి స్టోర్సులో దుప్పట్లు చూసేవాడు. నెమ్మదస్తుడు, ఎవరి జోలికీ పోడు, లంచం ముట్టడు. స్టోర్సులో నమోదు కాని దుప్పటి రోగి ఒంటి మీద కనపడినా అది లేనట్టే అన్నది అతని సిద్ధాంతం. అదే సిద్ధాంతంతో మేడ ఎక్కాడు.

పల్లాలమ్మ మొదటిసారి ఓపీకి వచ్చింది శ్రావణంలో. రెండు చేతులూ పిడికిళ్ళు బిగించి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ఎవరి మీదో కోపం ఉన్నదానిలా. మొహంలో మాత్రం కోపం లేదు.

"ఏమ్మా, చేతులు చాపు," అంది సువార్త.

"చాపలేకే గదండీ వచ్చింది," అంది పల్లాలమ్మ.

ఆమెది సముద్రం పక్క లంక గ్రామం. రొయ్యల షెడ్డులో తలలు తీసే పని. తెల్లారకుండా వ్యానెక్కించుకుపోతే ఐసు నీళ్ళలో చేతులు పెట్టి మధ్యాహ్నం దాకా రొయ్యలు ఒలవాలి. ఏడాది నించీ పొద్దున్నే లేచేసరికి వేళ్ళు ముడుచుకుని ఉండేవి. వేడినీళ్ళు పోసుకుంటే వదిలేవి. ఇప్పుడు వదలడం మానేశాయి. బొటనవేలు లోపలికి దూరి, మిగతా వేళ్ళు దాని మీద తాళం పడ్డట్టు పడ్డాయి. అన్నం మనవరాలు తినిపిస్తోంది.

"ఐసు పని ఎప్పణ్ణించి చేస్తున్నావు?"

"పెళ్ళయినకాణ్ణించీ అండి. ఐసుకి ఇలా ఎప్పుడూ అవలేదండి. పోయినేడు కొత్త పొడేదో తెచ్చారండి, తెల్లగా ఉంటాది. నీళ్ళలో కలిపితే రొయ్య నిగనిగలాడతాదంట. అది ఒచ్చాకే అండి. నా ఒక్కద్దానికే కాదు, ఆ బల్ల మీద పన్జేసే ఆడోళ్ళందరికీ మొదలైందండి."

వారం తిరక్కుండా ఆ బల్ల తాలూకు ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. సువార్త వాళ్ళని వార్డులో చేర్చుకుంది. పొడి నీళ్ళు లాబులో పరీక్ష చేయించాలి, నరాల మిషను మీద వీళ్ళందరినీ చూడాలి. బిగిసిన కండరాన్ని వదిలించే ఒక మందు మీద ఆమెకి ఆశ ఉంది, స్టోర్సు నుంచి అది తెప్పించాలి. వీటన్నిటికీ పరిశోధన అనుమతి ఉండాలి. సువార్త మేడ ఎక్కింది.

భానోజీరావు ఆమె చెప్పిన మాటలన్నీ పొందికగా కొట్టాడు. యంత్రం కాసేపు గిర్రున తిరిగింది. సున్నా.

"వేరే మాటలతో చూద్దామండీ," అంది సువార్త.

రొయ్యలు అని కొడితే రొయ్యలకొచ్చే జబ్బులు వచ్చాయి. పిడికిలి అని కొడితే బాక్సింగు ఆటగాళ్ళ విరిగిన ఎముకలు వచ్చాయి. చెయ్యి అని ఒక్కమాట కొడితే లక్షల్లో వచ్చి పడ్డాయి. సువార్తకి కాస్త ఊపిరాడింది.

"ఇవి చెల్లవు మేడం గారూ," అన్నాడు భానోజీరావు. "మరీ ఎక్కువొస్తే అతివిస్తృతం కింద కొట్టేయమని ఉంది. మీ జబ్బు మీదే రావాలి, పది రావాలి." అని సానుభూతిగానే ఒక కాయితం తీసి రాసి, ముద్ర వేసి చేతికిచ్చాడు. దాని పేరు శూన్య ధ్రువపత్రం.

అనుమతి కమిటీకి గజేంద్రనాథ్ గారు అధ్యక్షులు. ఆయన తల ఊపినప్పుడు ఊపడానికి ముగ్గురు ప్రొఫెసర్లు, ఊపకుండా ఉండడానికి మందుల శాస్త్రం ప్రొఫెసరు కరీముల్లా గారు ఉండేవారు. ఆయన ఏడాదిలో రిటైరు కాబోతున్నారు. అంచేత నోటికి వచ్చింది అనేవారు.

"సార్, ఇది కొత్త జబ్బు," అంది సువార్త. "అందుకే ఎక్కడా లేదు. లేదు కాబట్టే పరిశోధన చెయ్యాలంటున్నాను."

గజేంద్రనాథ్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "డాక్టర్ సువార్తా, మీ ఉత్సాహాన్ని కమిటీ అభినందిస్తోంది. కొత్త విషయాల పట్ల ఈ సంస్థకి ఎటువంటి వ్యతిరేకతా లేదని స్పష్టం చేయదలుచుకున్నాను. కొత్త విషయం ఏదైనా సరే, అది ఇంతకు ముందు పది చోట్ల ఉందని చూపించండి. వెంటనే ప్రోత్సహిస్తాం."

"పది చోట్ల ఉంటే కొత్తదెలా అవుతుంది సార్?"

"అది పరిశోధకులు ఆలోచించుకోవలసిన విషయం."

"ఒక్కసారి రోగిని చూడండి సార్. బయటే ఉంది."

అందుకు ఆయన అభ్యంతరం చెప్పలేదు. పల్లాలమ్మ లోపలికి వచ్చి నిలబడింది. కమిటీ ముందుకి వచ్చే ప్రతివారూ గుమ్మం దగ్గరున్న యంత్రం మీద బొటనవేలు పెట్టి హాజరు వేయాలన్నది ఇంకో నిబంధన. పల్లాలమ్మ పిడికిలి పెట్టింది. యంత్రం కుయ్యిమంది. రెండో పిడికిలి పెట్టింది. మళ్ళీ కుయ్యిమంది. ఒక ప్రొఫెసరు గారు లేచి వెళ్ళి బొటనవేలు బయటికి లాగబోతే ఆమె కెవ్వుమంది.

"ఆ వేలు రావడం లేదనే కదయ్యా కేసు!" అన్నారు కరీముల్లా గారు.

గజేంద్రనాథ్ గారు స్టెనో వైపు తిరిగి నెమ్మదిగా చెప్పారు. "రాసుకోండి. హాజరు నమోదు కానందున రోగి హాజరు కాలేదని కమిటీ భావించింది. హాజరు కాని రోగి చేతులను పరిశీలించు అవకాశము కమిటీకి లభించలేదు."

"నేనిక్కడే ఉన్నానండి," అంది పల్లాలమ్మ.

"ఉన్నావమ్మా, కూర్చో," అన్నారాయన దయగా. "రికార్డులో లేవు, అంతే."

తిరస్కరణ ఉత్తర్వు మర్నాడే వచ్చింది. ఒక్క ముక్కలో కాదంటే పోయేదే. కానీ గజేంద్రనాథ్ గారికి ఆ పద్ధతి నచ్చదు. తిరస్కరణ అయినా సర్వాంగసుందరంగా ఉండాలంటారు. సువార్త దరఖాస్తులోని జబ్బు లక్షణాలు, రోగుల వివరాలు, పొడి మీద అనుమానం, అన్నీ పొల్లుపోకుండా ఎత్తిరాసి, ఆఖర్న "కావున ఇట్టి వ్యాధి లేదు" అని ముగించి, కింద బారెడు సంతకం చేశారు.

జబ్బు లేదన్నాక మంచం మీద రోగి ఎలా ఉంటుంది? ఆ వారంలోనే భానోజీరావు వార్డుకి వచ్చాడు. రోగుల పేర్లకి ఎదురుగా జబ్బుల పేర్లు చూసుకుంటూ, త్రికాలజ్ఞలో ఆధారం లేనివాటికి పెన్సిలుతో చిన్న సున్నా చుట్టుకుంటూ పోయాడు. సున్నాలు పడ్డవాళ్ళని మర్నాడు ఇంటికి పంపేశారు. పల్లాలమ్మ డిశ్చార్జి కాయితంలో ఇలా ఉంది. వ్యాధి: లేదు. చికిత్స: అవసరం లేదు. సలహా: వేళకు భోజనం చేయవలెను.

"వేళకి తింటానండి, తినిపించేవాళ్ళుంటే," అంది పల్లాలమ్మ ఆ కాయితం చదివించుకుని. "జబ్బు లేదని కంప్యూటరు చెప్పిందా అండి?"

"కంప్యూటరు తనకి తెలీదని చెప్పిందమ్మా. లేదని మనవాళ్ళన్నారు."

"తెలీదంటే తప్పేముందండి, పాపం. నాకూ తెలీదు."

ఏం రాసున్నా పెద్దాసుపత్రి ముద్ర ఉంది కదా, ఆ కాయితం షెడ్డులో చూపిస్తే కొన్నాళ్ళు సెలవిస్తారని ఆమె ఆశపడింది. షెడ్డు సూపర్వైజరు చదువుకున్నవాడు. జబ్బు లేదని పెద్దాసుపత్రి రాసిచ్చింది కనక ఇది పని ఎగ్గొట్టే ఎత్తే అని తేల్చి, ఆ బల్ల మొత్తాన్నీ పనిలోంచి తీసేసి, కొత్త ఆడవాళ్ళని పెట్టుకున్నాడు. వాళ్ళ చేతులు అప్పటికి బాగానే ఉన్నాయి.

సువార్త ఆ కబురు విన్న రోజు క్యాంటీన్లో టీ ముందు పెట్టుకుని తాగకుండా కూర్చుంది. తన చేతి డబ్బుతో దొరికిన మందు దొరికినట్టు కొని ఒకరిద్దరికి ఇద్దామా అనుకుంది. అనుమతి లేకుండా ఇచ్చి ఎవరికైనా వికటిస్తే ఉద్యోగం పోవడం సరే, ఆ మందే చెడ్డదని ముద్ర పడుతుంది, మిగతావాళ్ళకి ఇక ఎప్పటికీ అందదు. పోనీ చూసినంతవరకు రాసి ఏ పత్రికకైనా పంపుదామా అంటే, పంపింది కూడా. పత్రికవాళ్ళు కాలేజీ అనుమతి పత్రం జతచెయ్యమన్నారు. కాలేజీ ఏమో, పత్రికలో వచ్చిన ఆధారాలు జతచెయ్యమంటోంది.

"గుడ్డు ముందా కోడి ముందా అని పూర్వం తగువులాడేవారమ్మా," అన్నారు కరీముల్లా గారు ఎదురుగా కూర్చుంటూ. "మనవాళ్ళు అది తేల్చేశారు. రెండూ ముందు కాదు, ఫారం ముందు."

అక్కడితో ఆగిపోవలసిందే. కానీ ప్రభుత్వానికి ఇంకో ఆలోచన వచ్చింది. త్రికాలజ్ఞలో లోకం తాలూకు విజ్ఞానమంతా ఉంది గానీ మన విజ్ఞానం లేదు, కాబట్టి ప్రతి కాలేజీ తన మేధాసంపదని అందులోకి ఎక్కించాలని ఉత్తర్వు వచ్చింది. వశిష్ఠపురంలో మేధాసంపద కోసం బీరువాలన్నీ తెరిచి చూశారు. పరిశోధనలు కనపడలేదు, సర్క్యులర్లు, ఉత్తర్వులు మాత్రం కుప్పలుగా ఉన్నాయి. గజేంద్రనాథ్ గారు అవే ఎక్కించమన్నారు. రచయిత పేరు ఉండాల్సిన చోట, సంతకం ఎవరిదైతే వారి పేరు పడింది. అలా ఆయన రాత్రికి రాత్రి క్యాంటీన్ ఇడ్లీల పరిమాణం మీదా, స్కూటర్ల నిలుపుదల మీదా, ఆవరణలో మేకల సంచారం మీదా గ్రంథకర్త అయిపోయారు.

ఆ తరవాత ఒక సాయంత్రం భానోజీరావు మేడ మీంచి దాదాపు పరుగెత్తుకుంటూ నరాల విభాగానికి వచ్చాడు.

"మేడం గారూ, ఒకటి పడింది!"

"ఏం పడిందండీ?"

"ఫలితం! మీ జబ్బుకి. మూడు నెలలకోసారి శూన్యాలన్నిటినీ తిరిగి వెతకాలి కదండీ. వెతికితే ఒకటి పడింది."

సువార్త అతని వెనకాలే మేడ ఎక్కింది. తెర మీద కనపడుతోంది. "రొయ్యల షెడ్డు మహిళా కార్మికులలో పిడికిళ్ళు బిగుసుకుపోవుట: పరిశీలన మరియు తిరస్కరణ. రచయిత: డాక్టర్ గజేంద్రనాథ్." ఆమెకి నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆగిపోయింది.

"భానోజీరావు గారూ, ఈ కాయితం ఏమంటోందో చూశారా? ఈ జబ్బు లేదంటోంది."

"ఏమంటోందో నేను చూడను మేడం గారూ," అన్నాడతను. "ఎన్ని ఉన్నాయో చూస్తాను."

ఆ రాత్రి సువార్తకి నిద్రపట్టలేదు. చెయ్యబోయేది శాస్త్రం కాదని ఆమెకి తెలుసు. చదువుకునే రోజుల్లో ఎవరైనా ఇలాంటి పని చేశారని వింటే చీదరించుకునేది. కానీ తెల్లారి లేచేసరికి పల్లాలమ్మకి మనవరాలు మొహం కడుగుతూ ఉంటుంది. ఆ పిల్ల బడి మానేసి అప్పటికి చాలా రోజులైంది. పొద్దున్నే వెళ్ళి సువార్త కొత్త దరఖాస్తు పెట్టింది. కుడి పిడికిలి మీద.

అది తిరస్కరించాక ఎడమ పిడికిలి మీద పెట్టింది. తరవాత ఉదయపు బిగుతు మీద, ఐసు నీళ్ళ ప్రభావం మీద, పొడి మీద, పొడి కలిపిన నీళ్ళ మీద, లోపలికి దూరిన బొటనవేలి మీద, ఇలా మొత్తం పది. ప్రతి దరఖాస్తూ నిజమే. ఒక్క లక్షణం కల్పించలేదు, ఒక్క రోగిని ఎక్కువ చూపలేదు. గజేంద్రనాథ్ గారు దేన్నీ నిర్లక్ష్యం చేయలేదు. ప్రతిదాన్నీ ఆసాంతం ఎత్తిరాసి, ప్రతిదాన్నీ కొత్త విశేషణాలతో తిరస్కరించి, ప్రతిదాని కిందా బారెడు సంతకం చేశారు. భానోజీరావు తడి ఆరకుండా ఎక్కించాడు.

"ఒక్క మనిషి ఒక్క జబ్బు మీద ఇంత కృషి చెయ్యడం నా సర్వీసులో చూళ్ళేదు," అన్నారు కరీముల్లా గారు. "అదీ, లేని జబ్బు మీద!"

కార్తీకం వెళ్ళేలోగా ఆధారాలు పది దాటి పదకొండయ్యాయి. భానోజీరావు సంపూర్ణ ధ్రువపత్రం రాసి, ఇంతవరకు ఎవరికీ వెయ్యని ఆకుపచ్చ ముద్ర వేసి ఇచ్చాడు.

కమిటీలో దాన్ని చదివి గజేంద్రనాథ్ గారు కళ్ళజోడు సవరించుకున్నారు. కాయితాన్ని దగ్గరగా పెట్టుకుని ఒకసారి, దూరంగా పెట్టుకుని ఒకసారి చూశారు. పదకొండు చోట్లా తన పేరే.

"ఇదంతా నేనే?" అన్నారు.

"మీరే సార్," అంది సువార్త.

ఆయన కాయితాన్ని రెండు చేతులా గుండెకి హత్తుకున్నారు. "ఈ రంగంలో నా కృషి ఇంత ఉందని ఇన్నాళ్ళూ నాకే తెలియదు. పరిపాలనా భారం అలాంటిది." కాస్త తేరుకుని కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "అయితే ఒక సమస్య ఉంది. ఈ వ్యాధి విషయంలో ప్రపంచంలో నన్ను మించిన అధికారి లేడని త్రికాలజ్ఞ స్పష్టంగా చెబుతోంది. నన్ను కాదని అనుమతి ఇంకొకరికివ్వడం శాస్త్రానికి అన్యాయం. ప్రధాన పరిశోధకుడిగా నేనే ఉండక తప్పదు. మీరు సహాయంగా ఉందురు గాని."

కరీముల్లా గారు ఏదో అనబోయారు. సువార్త ఆయనకి సందివ్వలేదు.

"ఉంటాను సార్. పొడి నీళ్ళు రేపే లాబుకి పంపించమంటారా?"

"ఏ పొడి?" అన్నారు గజేంద్రనాథ్ గారు. అయినా సంతకం పెట్టారు.

ఆ తరవాతి పని చకచకా సాగింది. పొడిలో ఉండకూడని రసాయనం ఉందని లాబు తేల్చింది. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు, ప్రిన్సిపాలు గారి పేరున్న కాయితం కాబట్టి, ఒక్కసారికే కదిలాడు. షెడ్డులో పొడి ఆపారు. స్టోర్సు తాళం తీసి మందు ఇచ్చింది. వార్డులో మళ్ళీ ఆ బల్ల ఆడవాళ్ళందరికీ మంచాలు దొరికాయి, ఈసారి కొత్తగా పనిలోకెళ్ళి చేతులు పాడైన ఇద్దరితో సహా.

ఒక పొద్దున రౌండుకి వెళితే పల్లాలమ్మ కుడిచేతిని గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో పెట్టుకుని దానికేసి చూస్తూ కూర్చుంది. సువార్తని చూసి మాట్లాడొద్దన్నట్టు తల ఊపింది. చిటికెనవేలు మెల్లిగా, ముడుచుకున్న ఆకులా, నీళ్ళలోనే విచ్చుకుంది. తరవాత ఉంగరపు వేలు. మిగతావి ఆరోజుకి రాలేదు.

"రెండు ఒచ్చాయండి," అంది పల్లాలమ్మ గుసగుసగా, గట్టిగా అంటే మళ్ళీ లోపలికి పోతాయేమోనన్నట్టు.

సంక్రాంతి ముగ్గులు చెరిగేసరికి రెండు చేతులూ వచ్చేశాయి. మనవరాలు బడికెళ్ళింది.

రాజధానిలో పెద్ద సదస్సు జరిగింది. గజేంద్రనాథ్ గారిని ప్రధాన వక్తగా పిలిచారు. పిలిచినవాళ్ళు కూడా వక్తల్ని త్రికాలజ్ఞలోనే వెతుక్కున్నారు మరి. ఒక జబ్బు మీద ఒకే రచయిత పదకొండు రచనలు ఉంటే దానికి ఆయన పేరే పెట్టడం సబబని సదస్సు తీర్మానించింది. అప్పటి నుంచి ఆ జబ్బు "గజేంద్ర ముష్టి".

"గజేంద్రుడికి మోక్షం దొరికిందని విన్నాను గానీ," అన్నారు కరీముల్లా గారు, "ముష్టి దొరకడం ఇప్పుడే చూస్తున్నాను."

సదస్సులో ఒక చిన్న ఇబ్బంది వచ్చింది. ఉపన్యాసమయ్యాక ఒక యువ డాక్టరు లేచి, "సార్, మీ పదకొండు రచనలూ చదివాను. పదకొండిట్లోనూ ఈ వ్యాధి లేదనే రాశారు. ఇప్పుడు ఉందంటున్నారు," అన్నాడు. సువార్త వెనక వరసలో తల వంచుకుంది.

గజేంద్రనాథ్ గారు తొణకలేదు. "శాస్త్రంలో భిన్నాభిప్రాయాలు సహజం," అన్నారు. "నాతో నేను విభేదించే స్వేచ్ఛని నేనెప్పుడూ గౌరవించాను." చప్పట్లు మిన్నంటాయి.

ఇదంతా సువార్తకి పెద్దగా పట్టలేదు. జబ్బుకి ఎవరి పేరుంటేనేం, చేతులు వచ్చాయి అనుకుంది. ఎండలు ముదిరే వేళకి ఒక ఫోను వచ్చేదాకా అలాగే అనుకుంది.

ఫోను చేసింది డాక్టర్ శేషారత్నం, దక్షిణాన సముద్రపొడ్డునున్న మరో జిల్లా ఆసుపత్రి నుంచి. సువార్తకి ఆమె తెలియదు.

"మేడం, మా దగ్గర రొయ్యల షెడ్ల ఆడవాళ్ళు వస్తున్నారు. పిడికిళ్ళు తెరుచుకోవడం లేదు."

"పొడి! నీళ్ళలో తెల్ల పొడి కలుపుతున్నారేమో చూడండి. వెంటనే ఆపించండి. మందు పేరు చెబుతాను, రాసుకోండి."

"అనుమతి కోసం మా కమిటీకి వెళ్ళాను మేడం. మాకూ త్రికాలజ్ఞ ఉంది. వెతికించారు. పదకొండు దొరికాయి. పదకొండూ ఇలాంటి వ్యాధి లేదంటున్నాయి. ఎవరి పేరు మీద జబ్బు ఉందో సాక్షాత్తూ ఆ పెద్దమనిషే లేదని రాశాక మేమెవరం ఉందనడానికి అని కొట్టేశారు."

సువార్త మందు పేరు చెప్పి ఫోను పెట్టేసింది. జబ్బు ఎలా వస్తుందో, ఎలా పోతుందో చెప్పే అసలు నివేదిక తయారై నెలలైంది. గజేంద్రనాథ్ గారి ముందుమాట కోసం ఆగి ఉంది. ఆయనకి సదస్సుల మధ్య తీరిక చిక్కడం లేదు. అది రానంతకాలం ఈ జబ్బు గురించి లోకంలో ఎవరు వెతికినా దొరికేవి ఆ పదకొండే. వాటిని పట్టుబట్టి రాయించింది తనే.

మేడ ఎక్కి భానోజీరావుని అడిగింది. "ఆ పదకొండూ తీసేయండి. నా బాధ్యత."

అతను నిజంగా కంగారుపడ్డాడు. "అమ్మో! అవి తీసేస్తే మీ అనుమతికి ఆధారాలుండవు మేడం గారూ. అప్పుడది లేని జబ్బు మీద జరిగిన పరిశోధన అవుతుంది. లేని జబ్బుకి ఇచ్చిన మందులన్నీ వాపసు చేయించమంటారు ఆడిట్ వాళ్ళు. నయమైనవాళ్ళ దగ్గరికి నేనే వెళ్ళి అడగాలి. ఏమని అడగను?"

సువార్త ప్రిన్సిపాలు గారి గదికి వెళ్ళింది. ఆయన ఊళ్ళో లేరు. స్టెనో ముందుమాట మొదటి వాక్యం చూపించాడు. "విశ్వమానవాళి హస్తం" అన్నంతవరకు వచ్చి ఆగి ఉంది.

ఆ ఆదివారం పొద్దున్నే సువార్త బస్టాండుకి వెళ్ళింది. పల్లాలమ్మ అప్పటికే వచ్చి, రెండు టిక్కెట్లకి సరిపడా సీట్లు చూసి, కిటికీ పక్కన తువ్వాలు వేసి ఉంచింది. రమ్మని సువార్త ఒక్కమాట అడిగింది, అంతే.

శేషారత్నం వాళ్ళని ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు. తీసుకెళితే అనుమతి అడుగుతారు. షెడ్ల వెనకాల ఐసు లారీలు ఆగేచోట, రేకుల నీడన ఆడవాళ్ళని కూర్చోబెట్టింది. అందరి ఒళ్ళోనూ పిడికిళ్ళు. సువార్త పొడి గురించి, మందు గురించి చెప్పింది. మందు కోసం ఈసారి ఏ కమిటీ దగ్గరికీ వెళ్ళలేదు. తనే కొన్నంత కొని తెచ్చి శేషారత్నం చేతిలో పెట్టింది. ఆమె జాగ్రత్తగా ఒక్కొక్కరినీ చూసి మొదలుపెడతానంది. ఇద్దరికీ తెలుసు, ఇది బయటపడితే ఏమవుతుందో.

ఆడవాళ్ళు మాత్రం నమ్మినట్టు లేరు. వాళ్ళని అప్పటికే చాలామంది చూసి, ఏమీ లేదని పంపించి ఉన్నారు.

ముందు వరసలో కూర్చున్న ఒక పడుచు పల్లాలమ్మకేసి తిరిగింది. "మాకు జబ్బే లేదని ఆస్పత్రోళ్ళు చెప్పారక్కా. పెద్ద పెద్దోళ్ళు రాసిపెట్టారంట. మరి నీకు తగ్గిందని యాడన్నా రాసుండాదా?"

"లేదమ్మా," అంది పల్లాలమ్మ. "రాసిందాంట్లో నేను అసలు రానే లేదంట."

ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చుని, గిన్నెలో తెప్పించి పెట్టిన గోరువెచ్చని నీళ్ళు దగ్గరికి లాక్కుని, "అది తరవాత చూసుకుందాం గానీ, నీ చెయ్యిలా ఇయ్యి," అంది.